జావా భాషలో అనోటేషనులకు స్థిరమైన విలువలే యేల?

పరీక్షలనాడు ప్రతి విద్యార్థియు తన జవాబుల పుస్తకపు అట్టమీద తన సంఖ్యయు, పరీక్ష పేరును, తేదియు వ్రాయును. ఈ వ్రాత జవాబులలో చేరినది కాదు. దీనికి మార్కులును లేవు. అయినను కట్టలు కట్టువారికిని, లెక్క చూచువారికిని, దిద్దువారి యొద్దకు పంపువారికిని ఇదియే ఆధారము. వారు పుస్తకము విప్పి లోపలి జవాబులను చదువరు. చదువవలసిన పనియు వారికి లేదు. ఒక బాలుడు చమత్కారమునకై అట్టమీద సంఖ్యకు బదులు "లోపల నాలుగవ లెక్కకు వచ్చిన జవాబే నా సంఖ్య" అని వ్రాసెననుకొనుడు. ఆ లెక్కను ఎన్నిసారులు చేసినను ఒకే జవాబు రావచ్చును. అయినను కట్టలు కట్టువానికి అది పనికిరాదు. అతనికి కావలసినది మాఱని సంఖ్య మాత్రమే కాదు. కంటికి కనబడునట్లు వ్రాసియున్న సంఖ్య.

జావా యను ప్రోగ్రాము భాషను నేర్చుకొను పై తరగతుల విద్యార్థులను తఱచుగా తికమకపెట్టు నియమమొకటి సరిగా ఇట్టిదే. అనోటేషను అను ప్రక్క వ్రాతలో స్థిరమైన విలువలను మాత్రమే పెట్టవలెనని ఆ నియమము. "నేను పెట్టిన విలువ యెన్నడును మాఱదు గదా, కంపైలరు ఏల ఒప్పుకొనదు?" అని విద్యార్థులు అడుగుదురు. ప్రశ్న మంచిది. దీనికి "నియమము అట్లున్నది" అని చెప్పి ఊరకుండుట ఉపాధ్యాయునకు సులభమే గాని, అడిగినవారికి న్యాయము కాదు. కావున కంప్యూటరు నెఱుగని తలిదండ్రులకు కూడ కొంత బోధపడునట్లుగా ఈ సంగతిని వివరింప ప్రయత్నించెదను. మన పత్రిక అచ్చునకు అనుకూలముగా ఉండుటకై జావాలోని ఆంగ్ల పదములను ఇచ్చట తెలుగు లిపిలోనే వ్రాయుచున్నాను. యంత్రమునకు ఇచ్చునప్పుడు ఆ పదములను ఆంగ్ల లిపిలోనే ఇయ్యవలెనని విద్యార్థులు మఱువరాదు. మనము సొంతముగా పెట్టుకొను పేర్లు మాత్రము తెలుగు అక్షరములతో ఉండినను జావాకు అభ్యంతరము లేదు.

జావాను అమెరికా దేశమున కాలిఫోర్నియాలోని సన్ మైక్రోసిస్టమ్స్ అను కంపెనీవారు తయారుచేసిరి. ఆ పనిలో ముఖ్యుడు జేమ్స్ గాస్లింగ్. 1995వ సంవత్సరమున ఈ భాష లోకమునకు వెల్లడియయ్యెను. 2010లో ఆ కంపెనీ ఒరాకిల్ వారి వశమైనది. అనోటేషనులు మొదటినుండియు ఈ భాషలో ఉన్నవి కావు. 2004 సెప్టెంబరులో వెలువడిన అయిదవ కూర్పులో అవి చేర్చబడెను. అంతకు పూర్వము పెద్ద ప్రోగ్రాములు వ్రాయువారు, ప్రోగ్రామునుగూర్చి చెప్పవలసిన విశేషములను ఎక్స్ఎమ్ఎల్ అను వేఱు ఫైళ్లలో పెట్టుచుండిరి. ప్రోగ్రాము ఒకచోట, దానినిగూర్చిన మాట వేఱొకచోట. ఒకదానిని దిద్ది రెండవదానిని మఱచుట సహజముగా జరుగుచుండెను. మాటను వస్తువునకే అంటించినచో ఈ బాధ తగ్గునని తలచి అనోటేషనులను ఏర్పరచిరి.

అనోటేషను @ అను గుఱుతుతో మొదలగును. ప్రోగ్రాములు సరిగా పనిచేయుచున్నవో లేదో పరీక్షించుటకు జేయూనిట్ అను సాధనము కలదు. దాని నాలుగవ కూర్పులో ఒక పరీక్షపైన ఇట్లు వ్రాయవచ్చును:

@టెస్ట్(టైమౌట్ = 1000)

ఇది పరీక్ష అనియు, 1000 మిల్లీ సెకండ్లలో, అనగా ఒక సెకండులో ముగియనిచో తప్పినట్లు ఎంచవలెననియు దీని భావము. గమనింపుడు: ఈ పంక్తి తానుగా ఏ పనియు చేయదు. గడియారము చూడదు, పరీక్షను ఆపదు. ఆ పని జేయూనిట్ చేయును. ఈ పంక్తి దానికి చెప్పి ఊరకుండును. అట్టమీది వ్రాత వంటిదని నేను చెప్పినది ఇందుకే.

ఈ వ్రాతను చదువువారు ఎవరు, ఎప్పుడు చదువుదురు అనునదియే ఈ విషయమున ముఖ్యము. మనము వ్రాసిన ప్రోగ్రామును మొదట కంపైలరు అను మఱియొక ప్రోగ్రాము చదువును. అది మన వ్రాతలోని తప్పులు పట్టి, తప్పులు లేనియెడల దానిని యంత్రమునకు దగ్గఱైన రూపములోనికి మార్చి, క్లాస్ ఫైలు అను దానిలో పెట్టును. ఇది జరుగునప్పటికి మన ప్రోగ్రాము ఇంకను నడువలేదు. అది నడచుట తరువాతి మాట. మఱునాడు కావచ్చును, వేఱొక ఊరిలో వేఱొక యంత్రముమీద కావచ్చును.

అనోటేషనులలో కొన్ని కంపైలరు కొఱకే ఉద్దేశింపబడినవి. ఓవర్‌రైడ్ అను అనోటేషను అట్టిది. కంపైలరు దానిని చూచి, తన తనిఖీ ముగించి, క్లాస్ ఫైలులో వ్రాయక వదలివేయును. కొన్ని క్లాస్ ఫైలులో చేరును గాని ప్రోగ్రాము నడచునప్పుడు దానికి కనబడవు. మఱికొన్ని నడచునప్పుడును చదువుటకు వీలుగా నిలిచియుండును. ఇవిగాక, కంపైలరు పనిచేయుచుండగనే అనోటేషనులను చదివి క్రొత్త ఫైళ్లను తయారుచేయు సాధనములు కలవు. ఇన్ని విధముల చదువరులలో మన ప్రోగ్రామును నడిపి చూచి, ఆ తరువాత అనోటేషనును చదువువారు ఎవ్వరును లేరు. కావున అనోటేషనులోని విలువ, ప్రోగ్రాము నడువక మునుపే పూర్తిగా తెలిసియుండవలెను.

ఇప్పుడు నియమమునకు వత్తము. అనోటేషనులో పెట్టదగిన విలువ పూర్ణాంకము, దశాంశము, అక్షరము, అవును-కాదు అను జాతులకు చెందినదైనను, స్ట్రింగ్ అను మాటల వరుసయైనను, అది "కాన్‌స్టెంట్ ఎక్స్‌ప్రెషన్" కావలెనని జావా యొక్క లక్షణగ్రంథము శాసించుచున్నది. దానిని తెలుగులో స్థిరవాక్యము అందము. ఇంతేగాక ఎనమ్ అను జాతిలోని ఒక సభ్యుని పేరు పెట్టవచ్చును. ఒక క్లాసు పేరు పెట్టవచ్చును. లోపల ఇంకొక అనోటేషనునే పెట్టవచ్చును. వీనిని మీసపు బ్రాకెట్లలో వరుసగా చేర్చి పట్టికగా ఇయ్యవచ్చును. నల్, అనగా "ఏమియు లేదు" అను దానిని మాత్రము పెట్టరాదు.

స్థిరవాక్యమనగా వ్రాసిన అంకె మాత్రమే అని కొందఱు తలచెదరు. అట్లు కాదు. 60 * 1000 అని వ్రాయవచ్చును. కంపైలరు తానే గుణించి 60000 అని పెట్టుకొనును. రెండు మాటలను కూడిక గుఱుతుతో కలుపవచ్చును. ఒక పేరు పెట్టి, ఆ పేరును వాడవచ్చును:

స్టాటిక్ ఫైనల్ ఇంట్ కాలపరిమితి = 60 * 1000;

@టెస్ట్(టైమౌట్ = కాలపరిమితి)

ఇది చక్కగా చెల్లును. పేరు వలన చదువరికి అర్థమగును. అదే అంకె పదిచోట్ల వ్రాయు శ్రమయు తప్పును. అయితే ఈ క్రింది పంక్తి చెల్లదు:

స్టాటిక్ ఫైనల్ లాంగ్ ఆరంభము = సిస్టమ్.కరెంట్‌టైమ్‌మిల్లీస్();

ఇది ప్రోగ్రాము ఆరంభమైన వేళను పట్టి యుంచు పంక్తి. ఫైనల్ అను పదము ఉన్నది గనుక, ఒకసారి పెట్టిన విలువ మరల మాఱదు. అయినను దీనిని అనోటేషనులో పెట్టిన యెడల కంపైలరు "ఎలిమెంట్ వేల్యూ మస్ట్ బి ఎ కాన్‌స్టెంట్ ఎక్స్‌ప్రెషన్" అని తిరస్కరించును. అనగా ఇచ్చిన విలువ స్థిరవాక్యము కావలెనని. విద్యార్థుల తికమక అంతయు ఇచ్చటనే పుట్టుచున్నది. ఫైనల్ అనగా "ఒక్కసారియే పెట్టవలెను" అని మాత్రమే అర్థము. "ముందుగనే తెలియును" అని కాదు. పుట్టబోవు బిడ్డ పుట్టినతేది ఒకసారి యేర్పడిన పిమ్మట ఎన్నటికిని మాఱదు. అయినను బిడ్డ పుట్టక మునుపు దానిని రిజిస్టరులో ఎక్కించువారు లేరు.

ఈ భేదము తెలిసినచో తక్కిన చిక్కులు చాలవఱకు విడిపోవును. "తెలుగు" అను మాట పొడవును జావాను అడిగితిమనుకొనుడు:

"తెలుగు".లెంగ్త్()

దీనికి జవాబు ఎల్లప్పుడును ఒకటే. (మన కంటికి మూడక్షరములే కనబడినను జావా 6 అని చెప్పును. తలకట్టు తీసి ఎత్వము, కొమ్ము చేర్చిన గుణింతములను అది హల్లు వేఱుగను, స్వరచిహ్నము వేఱుగను లెక్కించును. తెలుగులో ప్రోగ్రాములు వ్రాయగోరువారు దీనిని జ్ఞాపకముంచుకొనవలెను.) జవాబు ఒకటేయైనను ఇది స్థిరవాక్యము కాదు, ఏలయన లెంగ్త్ అనునది ఒక పని, దానిని నడిపిననేగాని జవాబు రాదు. కంపైలరు ఏ పనిని నడుపదు. ఎనమ్ సభ్యుని పేరును నేమ్() అను పనిద్వారా మాటగా తెచ్చి అనోటేషనులో పెట్టబోయినను ఇదే కారణమున కుదరదు.

ఇంకొక చిక్కు. ఇంట్ అని వ్రాసిన చెల్లును, ఇంటిజర్ అని వ్రాసిన చెల్లదు. రెండింటను 13 అను అంకెయే యున్నను, మొదటిది వట్టి అంకె, రెండవది అంకెను లోపల పెట్టుకొన్న డబ్బా వంటి వస్తువు. వస్తువును తయారుచేయుట ప్రోగ్రాము నడచునప్పటి పని. అట్లే ఫైనల్ అని ప్రకటించి, విలువను అచ్చటనే పెట్టక, క్రింద స్టాటిక్ బ్లాకు అను భాగమున పెట్టిన యెడల అదియు చెల్లదు. "రెండు పంక్తుల క్రిందనే 13 అని కనబడుచున్నది గదా" అని వాదింపవచ్చును. నిజమే. తెలివిగల కంపైలరు ఒకటి దానిని కనిపెట్టగలదేమో. కాని ఒక కంపైలరు ఒప్పుకొని మఱియొకటి ఒప్పుకొనని ప్రోగ్రాము ఎవరికిని ఉపకారము కాదు. ఎంత తెలివియున్నదో చూచి కాక, ప్రతి కంపైలరును ఒకే తీరున తీర్పు చెప్పుటకై గీటు ఒకచోట గీయబడినది.

అన్నిటికంటె ఎక్కువ మంది తగులుకొనునది పట్టికల విషయము. పదిచోట్ల వాడవలసిన పేర్ల పట్టికను ఒకచోట వ్రాసి, దానికి ఫైనల్ తగిలించి, దాని పేరును అనోటేషనులో పెట్టబోవుదురు. కంపైలరు ఒప్పుకొనదు. ఇచ్చట కారణము ఇంకను బలమైనది. ఫైనల్ అను పదము పట్టిక పేరును మాత్రమే కట్టివేయును, పట్టికలోని వానిని కాదు. బీరువాకు "ఇది ఆఱవ తరగతివారిది, మార్చరాదు" అని చీటి అంటించినంత మాత్రమున లోపలి పుస్తకములు మాఱకుండునా? పట్టికలోని మొదటి పేరును తీసి వేఱొకటి పెట్టుటకు ఎవ్వరికిని అడ్డములేదు. కావున పట్టికను అనోటేషనులోనే మీసపు బ్రాకెట్ల నడుమ వ్రాయవలెను. అందులోని ఒక్కొక్క మాటకు వేఱువేఱుగా స్థిరమైన పేరు పెట్టుకొనవచ్చును. అది కొంత విసుగు పుట్టించు పనియే. నాకును అట్లే తోచును.

పనులను నడుపుటకు అనోటేషనులో అనుమతి ఇచ్చిన యెడల ఏమగును? ఆ పనిని కంపైలరు నడుపవలెనా, తరువాత చదువువారు నడుపవలెనా? ఇరువురును నడిపిన యెడల ఇద్దఱికిని ఒకే జవాబు వచ్చునని పూచీ యేమి? ఆ పని చెడి ఆగిపోయినచో, ఒక క్లాసునుగూర్చి వివరము అడిగినంత మాత్రమున ప్రోగ్రామంతయు ఆగిపోవలెనా? ఈ ప్రశ్నలకు మంచి జవాబులు లేవు. కావుననే విలువను కంపైలరు లెక్కకట్టి, క్లాస్ ఫైలులోని కాన్‌స్టెంట్ పూల్ అను పట్టికలో వ్రాసిపెట్టును. అటుపిమ్మట ఎవరు ఎప్పుడు చదివినను ఆ వ్రాసినదే కనబడును.

ఇంతవఱకు నియమమువలని మేలు చెప్పితిని. దీనివలననే పుట్టు ప్రమాదమొకటి కలదు. దానిని ఒక ఉదాహరణముతో చెప్పెదను. ఉదాహరణము కల్పితమేగాని అందలి అంకెలు నిజమైనవి.

2014లో రాష్ట్రము విడిపోయినప్పుడు ఆంధ్రప్రదేశమునకు 13 జిల్లాలు, తెలంగాణమునకు 10 జిల్లాలు ఉండెను. 2016 అక్టోబరులో తెలంగాణమున జిల్లాలు 31 అయ్యెను. 2019 ఫిబ్రవరిలో 33 అయ్యెను. ఆంధ్రప్రదేశమున 2022 ఏప్రిల్ 4వ తేదిన 13 జిల్లాలు 26 అయ్యెను. విద్యార్థివేతనముల దరఖాస్తులను పుచ్చుకొను ప్రోగ్రామును ఒకరు 2020లో ఆంధ్రప్రదేశము కొఱకు వ్రాసిరనుకొందము. జిల్లాలకు ఒకటినుండి వరుస అంకెలు ఇచ్చిరి. 'జిల్లావివరము' అను మొదటి ఫైలులో ఇట్లు వ్రాసిరి:

పబ్లిక్ స్టాటిక్ ఫైనల్ ఇంట్ సంఖ్య = 13;

'దరఖాస్తు' అను రెండవ ఫైలులో జిల్లా అంకె వ్రాయుచోట ఇట్లు పెట్టిరి:

@మాక్స్(జిల్లావివరము.సంఖ్య)

మాక్స్ అనునది దత్తాంశములను తనిఖీ చేయు ఒక ప్రసిద్ధ సాధనములోని అనోటేషను. చెప్పిన అంకెకు మించినదానిని త్రోసివేయుమని దాని భావము. ఇంతవఱకు అంతయు సవ్యముగనే యున్నది. అంకెను ఒక్కచోటనే వ్రాసి పేరుతో వాడుట ప్రతి ఉపాధ్యాయుడును మెచ్చుకొను పద్ధతియే.

కంపైలరు 'దరఖాస్తు'ను మార్చునప్పుడు ఏమి చేయును? 'జిల్లావివరము'ను చూచి, అందులో 13 అని తెలిసికొని, 'దరఖాస్తు' యొక్క క్లాస్ ఫైలులో 13 అని వ్రాయును. పేరును వ్రాయదు. ఆ అంకె ఎచ్చటనుండి వచ్చినదో ఆ అనోటేషనులో గుఱుతైనను మిగులదు. 2022లో జిల్లాలు 26 కాగానే ఒకరు మొదటి ఫైలును తెఱచి 13ను 26గా దిద్ది, ఆ ఒక్క ఫైలునే కంపైలు చేసి, పాతదానికి బదులు పెట్టిరనుకొనుడు. 'దరఖాస్తు'లో ఇంకను 13 అనియే యుండును. ఇరువదవ జిల్లా విద్యార్థి దరఖాస్తు పంపును. "13కు మించరాదు" అని త్రోసివేయబడును. మరల పంపును, మరల అదే జవాబు. గడువు తేది దగ్గఱపడుచుండును. ఆ పిల్లవాడు గాని అతని తల్లి గాని చేసిన పొరపాటు ఏమియు లేదు.

ప్రోగ్రాము చూచువారికి ఫిర్యాదు చేరిన యెడల వారు మూలమును తెఱచి చూతురు. రెండవ ఫైలులో పేరు ఉన్నది. మొదటి ఫైలులో ఆ పేరునకు 26 ఉన్నది. ఎంతసేపు చూచినను తప్పు కనబడదు. తప్పు మూలములో లేదు; ఎప్పుడో తీసికొనిపోయిన నకలులో ఉన్నది. ఇది అనోటేషనులకు మాత్రమే కలుగు బాధ కాదు. ఇట్టి స్థిరమైన పేరును ప్రోగ్రాములో ఎచ్చట వాడినను కంపైలరు విలువనే నకలు చేయును. జావా లక్షణగ్రంథమే దీనిని చెప్పి, గణితములోని సత్యములవంటి వానికి తప్ప, తక్కినవానికి ఇట్టి స్థిరమైన పేర్లను మితముగా వాడుడని సలహా యిచ్చుచున్నది. వారమునకు 7 దినములు, అంగుళమునకు 2.54 సెంటీమీటరులు, ఇట్టివి నిర్భయముగా పెట్టవచ్చును. జిల్లాల సంఖ్య, రుసుము, వయఃపరిమితి, ఇవి ప్రభుత్వపు ఉత్తరువుతో మాఱునవి. ఇవి స్థిరములుగా కనబడును గాని స్థిరములు కావు.

దీనికి సులభమైన విరుగుడు అన్ని ఫైళ్లను మొదటినుండి మరల కంపైలు చేయుట. ఒకే ప్రోగ్రాములోని ఫైళ్లన్నియు ఒకేచోట నున్నప్పుడు ఇది కష్టము కాదు. చాలమంది అలవాటుగా అట్లే చేయుదురు. మొదటి ఫైలు వేఱొకరు తయారుచేసి జార్ అను మూటగా కట్టి పంపినదైనప్పుడే చిక్కు. మూటను మార్చినవారు తమ పని ముగిసినదని తలచెదరు.

మాఱునట్టి విలువ అయినప్పుడు, విలువకు బదులు ఆ విలువ యెచ్చట దొరకునో ఆ పేరును అనోటేషనులో పెట్టుట మేలైన పద్ధతి. స్ప్రింగ్ అను సాధనమున ఇది వాడుకలో నున్నది. ఒక పనిని ఎంతకాలమునకు ఒకసారి చేయవలెనో అంకెగా చెప్పుటకు ఒక స్థానమును, మాటగా చెప్పుటకు మఱియొక స్థానమును అందులో కలవు. మాటగా చెప్పుచోట డాలరు గుఱుతును మీసపు బ్రాకెట్లను పెట్టి, లోపల ఒక పేరు వ్రాయుదురు. కంపైలరు దృష్టిలో అది వట్టి మాట, స్థిరవాక్యమే. కావున అభ్యంతరము లేదు. ప్రోగ్రాము నడచునప్పుడు స్ప్రింగ్ ఆ పేరును తీసికొని సెట్టింగుల ఫైలులో వెదకి, అచ్చటి విలువను వాడుకొనును. ఇది జావా చేయు పని కాదు, స్ప్రింగ్ చేయు పని అని మాత్రము గుర్తుంచుకొనవలెను. ఆ ఒప్పందము తెలియని సాధనము ముందట అదే మాటను పెట్టినచో, డాలరు గుఱుతుతో సహా దానిని మాటగనే చదివి ఊరకుండును.

ఇంకొక పద్ధతి నాకు ఎక్కువ నచ్చినది. క్లాసు పేరును అనోటేషనులో పెట్టవచ్చునని పైన చెప్పితిని గదా. మాక్స్ అను అనోటేషను గల తనిఖీ సాధనములోనే, మనము సొంతముగా ఒక అనోటేషనును తయారుచేసి, "దీనిని తనిఖీ చేయువాడు ఫలాని క్లాసు" అని అందులో వ్రాయవచ్చును. అప్పుడు 'దరఖాస్తు'లో అంకెయే యుండదు; @సరియైనజిల్లా అని మాత్రము ఉండును. ఆ క్లాసు ప్రోగ్రాము నడచునప్పుడు జిల్లాల జాబితాను తెఱచి, ఆనాటి జాబితాలో ఆ జిల్లా ఉన్నదో లేదో చూచి చెప్పును. ఎవరిని అడుగవలెను అనునది మాఱనిది. వారు చెప్పు జవాబు మాఱవచ్చును. జిల్లాలు మరల పెరిగినను తగ్గినను జాబితాను మార్చిన చాలును.

ఇతర భాషలలోని సంగతి కొంచెము చెప్పెదను. మైక్రోసాఫ్ట్ వారు 2002లో వెలువరించిన సీ షార్ప్ భాషలో ఈ ప్రక్క వ్రాతలను ఆట్రిబ్యూట్లు అందురు. అచ్చటను ఇంచుమించు ఇదే నియమము, అయితే నల్‌ను అది ఒప్పుకొనును. కోట్లిన్ భాషలో ముందుగనే తెలియు విలువకు కాన్‌స్ట్ అను ప్రత్యేక పదము తగిలింపవలెను. తగిలించి, లోపల పనిని నడుపబోయిన యెడల అచ్చటనే తప్పు చూపును. అనోటేషను వఱకు పోవలసిన పని లేదు. జావాలో కాన్‌స్ట్ అను పదము ఇతరులు వాడకుండ కేటాయింపబడియున్నది గాని, దానికి ఏ పనియు ఇయ్యబడలేదు. ఇచ్చియుండిన యెడల విద్యార్థుల కన్నీళ్లు కొన్ని తగ్గియుండునని నా అభిప్రాయము. పైథాన్ నేర్చుకొన్న వారికి ఒక హెచ్చరిక: ఆ భాషలోను @ గుఱుతుతో మొదలగు పంక్తులు కలవు. చూపునకు జావా అనోటేషనుల వలెనే యుండును గాని అవి వట్టి వ్రాతలు కావు. ప్రోగ్రాము నడచునప్పుడు అవియు నడచును, నిజముగా పనిచేయును. అందుచేత వానిలో ఏ విలువనైనను పెట్టవచ్చును. అచ్చటి అలవాటును ఇచ్చటికి తెచ్చినవారికే కంపైలరు కోపము ఎక్కువగా తగులుచున్నది.

నకలు విషయమును నమ్మనివారు తామే చూడవచ్చును. ఒక ఫైలులో సంఖ్య 13 అని స్థిరముగా పెట్టుడు. ఇంట్ విలువను పుచ్చుకొను చిన్న అనోటేషను ఒకదానిని తయారుచేయుడు. మఱియొక ఫైలులో ఒక క్లాసు వ్రాసి, దానిపైన ఆ అనోటేషనును మొదటి ఫైలులోని పేరుతో పెట్టుడు. మూడింటిని కంపైలు చేయుడు. తరువాత 13ను 26గా దిద్ది, దిద్దిన ఫైలును మాత్రమే మరల కంపైలు చేయుడు. జావాతో పాటు వచ్చు జావాపీ అను పనిముట్టునకు వెర్బోస్ అను సూచన నిచ్చి, దిద్దని క్లాసు యొక్క క్లాస్ ఫైలును చూపుడు. అనోటేషను ఉన్నచోట 13 అనియే కనబడును. పిమ్మట ఆ ఫైలును కూడ కంపైలు చేసి మరల చూడుడు. అప్పుడు 26 కనబడును. దీనికి పదిహేను నిమిషములకంటె ఎక్కువ పట్టదు.